జీతగాడి బాకీ చెల్లదన్న ఆఫీసరు: ఎస్.ఆర్. శంకరన్ గారు



అక్టోబరు నెలలో రెండు తేదీలు ఒకే మనిషివి. 22వ తేదీ ఆయన పుట్టిన రోజు, 1934లో. 7వ తేదీ ఆయన పోయిన రోజు, 2010లో. పేరు ఎస్.ఆర్. శంకరన్. ఐఏఎస్ ఆఫీసరు. ఒకపక్క పత్తి ఏరుడు, ఇంకోపక్క వరి కోతల హడావుడి, ఆ నడుమ ఈ రెండు రోజులూ మన ఊళ్లల్లో ఎవరికీ గుర్తుకు రావు. కొన్ని దళితవాడల్లో దండ వేస్తారు. కొన్ని హాస్టళ్లలో ఫోటో పెడతారు. రైతుల తరఫున ఆయన్ను తలుచుకున్నోళ్లు చాలా తక్కువ.

నీళ్లిచ్చినోళ్లను మనం మరిచిపోలేదు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొరకు గోదావరి జిల్లాల్లో విగ్రహాలు పెట్టుకున్నాం. కె.ఎల్. రావు గారి పేరు పులిచింతలకు పెట్టుకున్నాం. శంకరన్ గారు మనకు కాలవ తవ్వలేదు, తూము కట్టలేదు. మన పొలంలో పనిచేసే మనిషి మెడకున్న తాడు విప్పారు. ఆ తాడు రెండో కొస పట్టుకున్నది ఎవరంటే ఊళ్లో భూమి ఉన్నోళ్లు. అందుకే ఆయన గురించి రైతు రాయటం కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. ఇబ్బందిగా ఉంటుంది కాబట్టే రాయాలి అనిపించింది. ఓపిగ్గా చదవండి.

ముందు, ఇప్పటి పిల్లలకు జీతం అంటే ఏందో చెప్పాలి. ఇప్పుడు జీతం అంటే నెల తిరిగేసరికి బ్యాంకులో పడే డబ్బు. మన తాతల కాలంలో ఊళ్లల్లో "వాడు ఫలానా వాళ్లింట్లో జీతం ఉన్నాడు" అంటే అర్థం వేరు. తెలంగాణ దిక్కు జీతగాడు అన్నారు, కోస్తా దిక్కు పాలేరు అన్నారు. కొన్ని చోట్ల భగేలా అన్నారు. పెండ్లికో, చావు ఖర్చుకో, కరువులో తిండిగింజలకో తండ్రి ఆసామి దగ్గర కొంత అప్పు తీసుకుంటాడు. దానికి బదులు ఆ ఇంట్లో పనికి కుదురుతాడు. ఏడాదికి ఇన్ని గింజలు, ఒక జత బట్టలు, చెప్పుల జత అని మాట. కోడి కూయకముందే కొట్టంలో పేడ తీయాలి, నీళ్లు మోయాలి, మోట కొట్టాలి, నాగలి పట్టాలి, రాత్రి పశువుల దగ్గరే పడుకోవాలి. జ్వరమొచ్చి పనికి రాని రోజుల్ని లెక్క రాసి బాకీలో కలిపేవాళ్లు. ఏడాది చివర లెక్క చూస్తే బాకీ తగ్గకపోగా పెరిగి ఉండేది. చదువు రాని మనిషి, లెక్క ఆసామిది, పుస్తకం ఆసామిది. తండ్రికి ఒంట్లో సత్తువ తగ్గితే కొడుకు వచ్చి అదే కొట్టంలో పడుకునేవాడు. పదేళ్ల పిల్లవాడు పశువుల కాడికి పోయేది కూడా చాలాసార్లు ఈ బాకీ కిందే.

దీన్లో అందరు ఆసాములూ దుర్మార్గులని నేను అనటం లేదు. కన్నబిడ్డలా చూసుకున్న ఇళ్లూ ఉన్నాయి. కడుపునిండా పెట్టిన తల్లులూ ఉన్నారు. కానీ ఒక్క ప్రశ్న వేసుకోండి. ఆ జీతగాడు "రేపటి నుంచి నేను పక్కూరిలో పనికి పోతా" అంటే పోగలిగేవాడా? పోలేడు. అన్నం మంచిగా పెట్టినా పెట్టకపోయినా అక్కడికి వచ్చేసరికి అన్ని ఇళ్లూ ఒకటే. ఆ పోలేకపోవటాన్నే చట్టం వెట్టిచాకిరీ అంది.

మన రాజ్యాంగం 23వ అధికరణం మొదటినుంచే వెట్టిని నిషేధించింది. అంతకుముందు నిజాం ప్రభుత్వం కూడా భగేలా ఒప్పందాల మీద కట్టడి తెచ్చింది. ఊళ్లో మాత్రం ఏమీ మారలేదు. తాలూకా ఆఫీసులో ఉన్న కాగితం జీతగాడి దాకా రాదు. వచ్చినా చదివేవాడు లేడు. చదివినా నిలబడేవాడు లేడు.

1975లో, ఎమర్జెన్సీ కాలంలో, ఇరవై సూత్రాల కార్యక్రమంలో వెట్టి రద్దు ఒక అంశంగా వచ్చింది. ఆ ఏడాది అక్టోబరులో కేంద్రం ఆర్డినెన్సు తెచ్చింది. 1976లో అది చట్టమైంది. దాని పేరు వెట్టిచాకిరీ వ్యవస్థ రద్దు చట్టం. ఎమర్జెన్సీ ఎన్నో అన్యాయాలు చేసింది, అది వేరే సంగతి. ఈ చట్టం మాత్రం నిలబడింది.

ఈ చట్టంలో ఒక విశేషం ఉంది. దేశంలో వెట్టికి ఎన్ని పేర్లున్నాయో వరసగా రాశారు. ఆ వరసలో మన ఊరి మాటలు ఉన్నాయి. జీతం ఉంది, పాలేరు ఉంది, భగేలా ఉంది, వెట్టి ఉంది. ఢిల్లీలో రాసిన ఇంగ్లీషు చట్టంలో మన కొట్టంలోని మాటలు అచ్చయ్యాయి. "మా ఊళ్లో ఉన్నది వెట్టి కాదు, అది జీతం, అది వేరు" అని ఎవరూ తప్పించుకోకుండా పేరు పెట్టి మరీ రాశారు.

చట్టం ఏం చెప్పిందంటే: ఆ తేదీతో వెట్టి మనుషులందరూ విడుదల. వాళ్ల మీదున్న బాకీ ఆ రోజుతో రద్దు. తాకట్టు పెట్టిన గిన్నె అయినా గుంట భూమి అయినా తిరిగి ఇవ్వాలి. ఆసామి ఇచ్చిన జాగాలో గుడిసె వేసుకుని ఉంటే అక్కడి నుంచి ఖాళీ చేయించకూడదు. రద్దయిన బాకీని మళ్లీ వసూలు చేస్తే మూడేళ్ల దాకా జైలు. వెట్టి చేయించుకున్నా మూడేళ్ల దాకా జైలు, రెండు వేల రూపాయల దాకా జరిమానా. అన్నిటికన్నా పెద్ద మాట ఇంకోటి. ఈ బాకీ వెట్టి బాకీ కాదు అని ఎవరన్నా అంటే, దాన్ని రుజువు చేయాల్సింది అప్పు ఇచ్చినవాడే. జీతగాడు సాక్ష్యం తేనక్కర్లేదు. పుస్తకం ఎవరి చేతిలో ఉందో వాళ్లే లెక్క చెప్పాలి.

ఇంత గట్టి చట్టం కూడా కాగితం మీదే ఉండిపోయే ప్రమాదం ఉంది. అమలు చేసే బాధ్యత కలెక్టరుకు, ఆయన కింద ఉండే రెవెన్యూ ఆఫీసర్లకు ఇచ్చారు. ఆ ఆఫీసర్లు ఊరికి వస్తే దిగేది ఎవరింట్లో? భోజనం ఎవరింట్లో? ఆసామి ఇంట్లోనే. వాళ్లు అక్కడే కూర్చుని "మీ ఊళ్లో వెట్టి ఉందా" అని అడిగితే ఏం జవాబు వస్తుందో మీకు తెలుసు. చాలా రాష్ట్రాలు అప్పట్లో "మా దగ్గర వెట్టి లేదు" అని రాసి పంపాయి. 1978 తర్వాత గాంధీ పీస్ ఫౌండేషన్ వాళ్లు పది రాష్ట్రాల్లో సర్వే చేస్తే ఒక్క వ్యవసాయంలోనే దాదాపు 26 లక్షల మంది వెట్టి మనుషులు ఉన్నారని లెక్క తేలింది.

అట్లాంటి సమయంలో ఆంధ్రప్రదేశ్‌లో సాంఘిక సంక్షేమ శాఖ కార్యదర్శిగా ఉన్నది శంకరన్ గారు.

ఆయన మనవాడు కాదు, తమిళుడు. తంజావూరు జిల్లాలో పుట్టారు. అది కూడా మన డెల్టా లాంటి వరి సీమే, కావేరి నీళ్ల సీమ. అక్కడా పొలం పనోళ్లకు వెట్టి ఉండేది. వాళ్లను పణ్ణయాళ్ అనేవాళ్లు. ఆ మాట కూడా చట్టంలో ఉంది. మద్రాసు లయోలా కాలేజీలో చదివి, 1957లో ఐఏఎస్‌లో చేరి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చారు. కొంతకాలం ఢిల్లీలో కేంద్ర ఉక్కు, గనుల మంత్రి మోహన్ కుమారమంగళం గారి దగ్గర ప్రత్యేక సహాయకుడిగా చేశారు. బొగ్గు గనుల్ని జాతీయం చేసిన రోజులవి. 1973లో విమాన ప్రమాదంలో ఆ మంత్రి పోయారు. తర్వాత శంకరన్ గారు రాష్ట్రానికి తిరిగొచ్చి సంక్షేమ శాఖలో కూర్చున్నారు. ఆ రోజుల్లో ఆ శాఖ అంటే పక్కన పెట్టిన ఆఫీసరుకు ఇచ్చే కుర్చీ అనుకునేవాళ్లు. ఆయన అదే కావాలనుకున్నారు.

ఆయన చేసిన పద్ధతి చెప్తా. జీపు ఊరి నడుమ పెద్దింటి ముందు ఆగేది కాదు. వాడకు పోయేది. అక్కడ చెట్టు కిందో, గుడిసె ముందో కూర్చుని, జీతం ఉన్నవాళ్లతోటి నేరుగా మాట్లాడేవారు. "ఇట్లాంటి చట్టం వచ్చింది. మీ బాకీ పోయింది. రేపటి నుంచి మీకు ఇష్టమైతేనే పనికి పోండి, కూలి అడిగి పోండి" అని అందరి ముందూ చెప్పించేవారు. జిల్లా ఆఫీసర్లను కూడా అదే పద్ధతికి తెచ్చారు. గుంపులో చెప్పటానికి కారణం ఉంది. ఒక్కడికి చెవిలో చెప్తే వాడు భయంతో రాత్రికే ఆసామి కాళ్ల మీద పడతాడు. వాడంతా ఒకేసారి వింటే ఒకడి ధైర్యం ఇంకొకడికి వస్తుంది.

విడుదల కాగితం కూడా చిన్న విషయం కాదు. ప్రభుత్వ ముద్రతో "ఈ మనిషి విడుదలయ్యాడు, ఇతని బాకీ రద్దయింది" అని రాసిచ్చే కాగితం అది. తరతరాలుగా వేలిముద్ర వేయించుకున్న కాగితాలే చూసిన ఇంటికి, తమ తరఫున మాట్లాడే కాగితం రావటం అదే మొదలు.

విడుదల చేసి వదిలేస్తే సరిపోదు అనేది కూడా ఆ అనుభవంలోంచే తేలింది. ఎందుకంటే జీతం మానిన మర్నాడు పొయ్యి వెలగాలి. గింజలు ఉండవు, పనికి ఎవరూ పిలవరు. ఊరంతా ఒకటై "వీణ్ణి పనికి పెట్టుకోవద్దు" అంటే నెల తిరిగేసరికి మళ్లీ అదే ఇంటి గడప తొక్కాలి. 1978లో కేంద్రం విడుదలైన ప్రతి మనిషికి 4000 రూపాయల దాకా సాయం చేసే పథకం పెట్టింది. సగం కేంద్రం, సగం రాష్ట్రం. గేదెలు, మేకలు, ఎడ్లబండి, కొంచెం భూమి, ఇట్లా. గేదె ఇచ్చి మేత లేకపోతే అది సంతకే పోతుంది. అది మనకంటే బాగా ఎవరికి తెలుసు? 1984లో సుప్రీంకోర్టు కూడా నీరజా చౌదరి కేసులో ఇదే చెప్పింది, విడుదల చేసి బతుకుదెరువు చూపించకపోతే ఆ విడుదలకు అర్థం లేదని.

ఇంత జరుగుతుంటే ఊళ్లల్లో పెద్దలు ఊరుకుంటారా? ఊరుకోలేదు. "జీతగాళ్లను ఎగదోస్తున్నాడు", "వ్యవసాయం ముంచుతున్నాడు" అన్నారు. ఆ మాట హైదరాబాదు దాకా పోయింది. 1978లో మర్రి చెన్నారెడ్డి గారు ముఖ్యమంత్రి అయ్యారు. ఆ కాలంలో ముఖ్యమంత్రికీ ఈయనకూ ఈ విషయంలోనే పొసగలేదని, సెలవు మీద పొమ్మన్నారని, ఈయన మారుమాట లేకుండా సెలవు పెట్టి వెళ్లిపోయారని ఆయన్ను ఎరిగినవాళ్లు రాశారు. పట్టుబట్టి తగాదా పెట్టుకోలేదు, పత్రికలకు ఎక్కలేదు. అట్లని తన పద్ధతి మార్చుకుంటానని కూడా అనలేదు.

అప్పుడు దూరాన త్రిపుర నుంచి పిలుపొచ్చింది. అక్కడి ముఖ్యమంత్రి నృపేన్ చక్రవర్తి ఈయన్ను ప్రధాన కార్యదర్శిగా తీసుకున్నారు. ముఖ్యమంత్రి బ్రహ్మచారి, ప్రధాన కార్యదర్శి బ్రహ్మచారి. ఇద్దరిదీ సాదా బతుకు. మన రాష్ట్రం వద్దనుకున్న మనిషి కింద ఇంకో రాష్ట్రం మొత్తం పరిపాలన కొన్నేళ్లు నడిచింది.

తర్వాత ఎన్.టి.ఆర్ కాలంలో ఆయన మళ్లీ ఆంధ్రప్రదేశ్‌కు వచ్చారు. మళ్లీ సాంఘిక సంక్షేమమే. హాస్టళ్లు, స్కాలర్‌షిప్పులు, గురుకుల బడులు పెరగటంలో ఆయన చెయ్యి ఉంది. ఈ సంగతి జీతం కథకు అతుకు లేనిది కాదు. పశువుల కాడికి పోయే పిల్లవాడు బడికి పోవాలంటే ముందు వాడికి తిండి, పడుకోను చోటు కావాలి. హాస్టలు లేకపోతే తండ్రి జీతం రద్దయినా కొడుకు జీతం మిగిలే ఉంటుంది. ఇవాళ మన మండలాల్లో టీచర్లు, నర్సులు, ఇంజనీర్లు అయిన ఎంతోమంది ఆ హాస్టల్ పిల్లలే.

1987 డిసెంబరులో తూర్పు గోదావరి ఏజెన్సీలోని గుర్తేడు దగ్గర ఒక సంగతి జరిగింది. గిరిజన గ్రామాల పర్యటనకు పోయిన శంకరన్ గారిని, మరికొందరు ఐఏఎస్ ఆఫీసర్లను నక్సలైట్లు పట్టుకుపోయారు. జైల్లో ఉన్న తమవాళ్లను వదిలితేనే వీళ్లను వదులుతామన్నారు. ప్రభుత్వం కొందర్ని వదిలింది, ఆఫీసర్లు క్షేమంగా బయటకొచ్చారు. పేదల కోసం తిరిగే ఆఫీసరునే తుపాకీ చూపించి పట్టుకుపోవటం అప్పట్లో చాలామందికి నచ్చలేదు. ఆయన మాత్రం ఆ తర్వాత ఏజెన్సీకి దూరమవలేదు, గిరిజనుల మీద మనసు విరుచుకోలేదు. పదేళ్ల తర్వాత, 1997లో, పొత్తూరి వెంకటేశ్వరరావు గారు, కన్నబిరాన్ గారు లాంటివాళ్లతో కలిసి పౌర స్పందన వేదిక పెట్టింది ఆయనే. ఇటు పోలీసులకూ అటు నక్సలైట్లకూ ఇద్దరికీ ఒకటే చెప్పారు. మధ్యలో చచ్చేది ఊరి జనం, చంపుడు ఆపండి అని. 2004 అక్టోబరులో ప్రభుత్వానికీ నక్సలైట్లకూ హైదరాబాదులో చర్చలు జరిగాయంటే దాని వెనకాల ఏళ్ల తరబడి ఆయన తిరిగిన తిరుగుడు ఉంది. ఆ చర్చలు నిలబడలేదు. తనను పట్టుకుపోయిన వాళ్లతోనే కూర్చుని మాట్లాడిన ఆ గుండెను మాత్రం మరువలేం.

ఢిల్లీలో గ్రామీణాభివృద్ధి శాఖ కార్యదర్శిగా చేసి 1992లో రిటైరయ్యారు. రిటైరయ్యాక కూడా ఆయనకు తీరిక దొరకలేదు. చేతులతో మలం ఎత్తే పనిని ఆపించాలని బెజవాడ విల్సన్ గారు నడిపిన సఫాయి కర్మచారి ఆందోళన్‌కు పెద్దదిక్కుగా నిలబడ్డారు. 2001లో తిండి హక్కు కేసులో సుప్రీంకోర్టు బడిపిల్లలకు వండిన అన్నం పెట్టాలని ఉత్తర్వు ఇచ్చింది. అది అమలవుతుందా లేదా చూడటానికి మర్నాటి ఏడాది కోర్టు నియమించిన ఇద్దరు కమిషనర్లలో ఒకరు ఎన్.సి. సక్సేనా గారు, ఇంకొకరు శంకరన్ గారు. ఇవాళ మన ఊరి బడిలో మధ్యాహ్నం గంట కొట్టగానే పళ్లేలు పట్టుకుని పరిగెత్తే పిల్లల్లో మన పిల్లలూ ఉన్నారు. ఆ అన్నం వెనక ఉన్న ఉత్తర్వులకు కాపలా కాసిన వాళ్లలో ఆయన ఒకరు.

మనిషిగా ఎట్లా ఉండేవారో చెప్పాలి కదా. పెళ్లి చేసుకోలేదు. ఆస్తి కూడబెట్టలేదు. జీతంలోంచి, తర్వాత పెన్షన్‌లోంచి పేద పిల్లల చదువులకు ఇచ్చుకుంటూ పోయారు. హైదరాబాదులో చిన్న ఫ్లాటులో ఉండేవారు. ఎవరొచ్చినా, చెప్పులు లేని మనిషి వచ్చినా, లేచి కుర్చీ చూపించేవారు. పోయేటప్పుడు గుమ్మం దాకా వచ్చి సాగనంపేవారు. 2005లో పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. ఆయన పోయాక హైదరాబాదు మాసబ్‌ట్యాంక్‌లో సంక్షేమ భవన్ దగ్గర విగ్రహం పెట్టారు. ఒక ఐఏఎస్ ఆఫీసరుకు జనం విగ్రహం పెట్టుకోవటం రోజూ చూసేది కాదు.

ఇప్పుడు మన సంగతికి వస్తా. ఆయన పేరు చెప్తే కొందరు పెద్దలు ఇప్పటికీ అనే మాట ఒకటుంది. "జీతగాళ్లు పోయినంకనే వ్యవసాయం దండగైంది." ఈ మాటను కొట్టిపారేయను. పెద్ద సేద్యగాళ్లకు జీతగాడు పోవటం నిజంగానే దెబ్బ. కానీ మన ఊళ్లల్లో ఎంతమందికి జీతగాళ్లుండేవాళ్లు? రెండెకరాలు, మూడెకరాల సన్నకారు రైతుకు జీతగాడు ఎక్కడిది? వాడు, వాడి పెండ్లాం, పిల్లలే జీతగాళ్లు. వ్యవసాయం దండగైంది విత్తనం ధర, మందు ధర, కరెంటు, వడ్డీ, పంటకు రాని ధర వల్ల. ఆ లెక్కలో జీతగాడి స్వేచ్ఛను ఖర్చు కింద రాయటం న్యాయం కాదు.

ఇంకో మాట. ఆ 1976 చట్టంలో వెట్టి గుర్తులు నాలుగు రాశారు. అప్పు వల్ల మనిషి ఊరికే లేదా తక్కువ కూలికి పనిచేయాల్సి రావటం ఒకటి. వేరే పని వెతుక్కునే వీలు పోవటం ఇంకోటి. ఊరు దాటి పోయే వీలు పోవటం మూడోది. నాలుగోది జాగ్రత్తగా చదవండి. తన వస్తువునో, తన కష్టంతో వచ్చినదాన్నో మార్కెట్ ధరకు అమ్ముకునే హక్కు పోవటం.

ఆ నాలుగోది చదివినప్పుడు నాకు జీతగాడు కాదు, మిర్చి యార్డు గుర్తొచ్చింది. జూన్‌లో విత్తనానికి, మందులకు అడ్తిదారు దగ్గర అప్పు తెస్తాం. ఫిబ్రవరిలో మిర్చి అయినా, పత్తి అయినా అదే దుకాణానికి తోలాలి. పక్క దుకాణంలో క్వింటాలుకు నాలుగొందలు ఎక్కువున్నా తోలలేం. కమీషన్ పట్టుకుంటాడు, మిత్తి పట్టుకుంటాడు, తరుగు పట్టుకుంటాడు. చివరికి చిట్టీ చేతికిచ్చి "ఇంకా ఇంత బాకీ ఉంది" అంటాడు. ఆ చట్టం కింద మనం వెట్టి మనుషులం అని నేను అనటం లేదు. మనకు పట్టా ఉంది, ఓటు ఉంది, ఊళ్లో మాట ఉంది. జీతగాడి బాధ, మన బాధ ఒకటే కొలత కాదు. కానీ తాడు పేనిన నార ఒకటే. పుస్తకం ఒకరి చేతిలో, కష్టం ఇంకొకరి ఒంట్లో.

కరువొచ్చిన ఏడాది మనం రోడ్డెక్కి "పంట పోయింది, అప్పు మాఫీ చేయండి" అని అడుగుతాం. అడగటం న్యాయమే. 1977లో ఆంధ్రప్రదేశ్‌లో చిన్న రైతులు, వ్యవసాయ కూలీలు, చేతివృత్తులవాళ్ల అప్పుల నుంచి విముక్తికి చట్టం వచ్చింది. చట్టంలో రైతునూ కూలీనీ ఒకే వరసలో కూర్చోబెట్టారు. తీర్చలేని అప్పు మనిషిని మింగకూడదు అనే నీతి మనకు వర్తిస్తే, మన పొలంలో పనిచేసినవాడికీ వర్తించాలి. శంకరన్ గారు చేసింది ఆ నీతిని కింది మెట్టు నుంచి మొదలుపెట్టటం. అంతే. ఆయన్ను రైతు వ్యతిరేకి అనటం నాకు ఒప్పదు.

జీతం వ్యవస్థ పోయింది కదా, ఇప్పుడెందుకు ఇదంతా అంటారా? పూర్తిగా పోలేదు. వేషం మార్చింది. మన పట్టణాల చుట్టూ ఇటుక బట్టీలు చూడండి. ఒడిశా నుంచి అడ్వాన్సు ఇచ్చి కుటుంబాల్ని తెస్తారు. సీజను అయ్యేదాకా కదలనివ్వరు. పిల్లలు కూడా ఇటుకలు తిప్పుతుంటారు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పత్తి విత్తనం క్రాసింగుకు తల్లిదండ్రులకు అడ్వాన్సు ఇచ్చి ఆడపిల్లల్ని పెట్టుకున్న కథ ఎంతో దూరంలో లేదు, మన కళ్ల ముందటిదే.

అట్లాంటిది మన కంట్లో పడితే చేయాల్సింది పెద్ద కష్టమేమీ కాదు. కలెక్టరుకు గానీ, ఆర్డీవోకు గానీ, తహశీల్దారుకు గానీ కాగితం ఇవ్వచ్చు. జిల్లాకు, డివిజనుకు విజిలెన్స్ కమిటీలు ఉండాలని చట్టమే చెప్పింది. విచారణ చేసి విడుదల పత్రం ఇవ్వటం వాళ్ల పని. 2016లో మార్చిన కేంద్ర పథకం ప్రకారం విడుదలైన మగమనిషికి లక్ష రూపాయలు, ఆడవాళ్లకు, పిల్లలకు కేసును బట్టి అంతకన్నా ఎక్కువ పునరావాస సాయం ఉంది. ఆ మొత్తం చేతికి రావటానికి కేసు తేలటం లాంటి తిరకాసులు ఉన్నాయి. అందుకే విడుదల పత్రం చేతికొచ్చేదాకా ఎవరో ఒకరు వెంట తిరగాలి.

ఇంకొక్క పని. మీ ఊళ్లో డెబ్బై దాటిన పెద్దలు ఉంటారు. జీతం ఉన్నవాళ్లూ ఉంటారు, జీతగాళ్లను పెట్టుకున్నవాళ్లూ ఉంటారు. వాళ్ల దగ్గర కూర్చుని అడగండి. ఏడాదికి ఎన్ని గింజలు ఇచ్చేవాళ్లు, బాకీ ఎంత, ఏ ఏడు మానేశారు, మానేసినప్పుడు ఊళ్లో ఏమైంది? ఫోనులో రికార్డు చేసి పెట్టండి. పుస్తకాల్లో చట్టం ఉంటుంది, ఆఫీసరు పేరు ఉంటుంది. "ఇక రాను" అని మొదటిసారి అన్న మనిషి పేరు ఉండదు. శంకరన్ గారు వాడకు పోయి చెప్పింది చట్టం. దాన్ని నమ్మి, ఆసామి కళ్లలోకి చూసి, కొట్టం లోంచి బయటకు నడిచింది మాత్రం ఆ జీతగాడు. ఇద్దరూ ఉంటేనే ఆ పని అయింది.

ఈ 22న మీ ఊరి బడిలో సార్లకు చెప్పి పిల్లలకు ఆయన గురించి రెండు మాటలు చెప్పించండి. రైతుల పిల్లలు, కూలీల పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చుని వింటారు. మన తాతల కాలంలో వాళ్లిద్దరిలో ఒకడు బడిలో, ఇంకొకడు బడి ముందు నుంచి పశువుల్ని తోలుకుంటూ పోయేవాడు.

మీ ఊళ్లో జీతం గురించి, శంకరన్ గారి కాలం గురించి తెలిసినవాళ్లుంటే రాయండి. నాకు తెలియనివి చాలా ఉంటాయి, తెలుసుకుంటా.

ఉంటా మరి. వానొచ్చేట్టుంది, ఏరిన పత్తి కల్లంలోనే ఉంది.